నీళ్ళ దాకా

"నానమ్మా, ఇగో నీళ్ళు! ఇగ వాపస్ పో," అంది స్వరూప, అడవి బాటలో నిండిన గుంటను చూపిస్తూ.

"గవి వాన నీళ్ళే. లెక్కకు రావు," అన్నాను గొడుగు సర్దుకుంటూ.

దూరం పోయేవాళ్ళను నీళ్ళు కనబడేదాకా సాగనంపడం మా ఇంటి ఆచారం. నా మనవరాలు వీపున పెద్ద సంచీ వేసుకుని, సరదాకి రోజుల తరబడి అడవిలో నడవడానికి బయలుదేరింది. మా ఊరు దుర్గాపూర్ దాటినప్పటి నుంచీ ప్రతి గుంట దగ్గరా మాకు ఇదే పోట్లాట.

"మామ్మగారు ఇలాగే నాగపూర్ దాకా వచ్చేస్తారు!" అని నవ్వింది తోడు నడుస్తున్న గీతాంజలి, ఊర్జానగర్ కరెంటు కాలనీ ఇంజనీరుగారి అమ్మాయి.

"ఊరొచ్చినప్పుడల్లా ఎస్టీడీ బూత్‌కెల్లి ఫోన్ చేస్త అన్న గదా! గడప కాడ్నే చెయ్యూపితే ఏమైతుండె?" అని విసుక్కుంది స్వరూప.

"మీ తాతను గట్లనే పంపిన. గప్పుడు గూడ గిట్లనే వాన. తడుస్తవ్, గడప దాటకని చెప్పి బొగ్గు బాయికి పోయిండు. మల్ల రాలే."

స్వరూప నా చేతిలోని గొడుగు తీసుకుని, నాకు పట్టి నడిచింది.

మలుపు తిరగగానే మోకాలి లోతున వాగు గలగలా పారుతోంది. ఇక నాకు సాకు దొరకలేదు. జొన్నరొట్టెల మూట అందించాను.

"పైలం బిడ్డా."

అది మూట అందుకోలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"గివి గూడ వాన నీళ్ళే నానమ్మా. లెక్కకు రావు. అవతలి ఊర్ల ఇంటికి బస్సెక్కిస్త, రా."

చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకున్నాను.

"ఆ ఊరికి ముందర ఇంకో వాగున్నదా?"