టైలరుగారి శిష్యురాలు

ఆ పొడుగుజడ పిల్ల ఎలా ఉంటుందో కళ్ళారా చూడాలనే టైలరుగారి భార్య ఆ పొద్దున యూనివర్సిటీ బస్సెక్కింది.

ఎనిమిది నెలలుగా ఆ పిల్ల ఊసెత్తితేనే ఆవిడకి ఒళ్ళు మండుతోంది. పెళ్ళయిన నలభై రెండేళ్ళలో ఆయన ఒక్క పూట కూడా ఇల్లు విడిచి ఉన్నది లేదు. అలాంటి మనిషి, కాలనీ సంఘమూ యూనివర్సిటీ కలిసి ఒప్పందం రాసుకున్ననాడు అందరికంటే ముందు చెయ్యెత్తాడు.

"పదిమంది పిల్లలు నేర్చుకుంటారంటే అంతకంటే ఏం కావాలి?" అన్నాడు. పెళ్ళాన్ని మాటవరసకైనా అడగలేదు. అన్నట్టే అక్కడికి చేరాడు. మళ్ళీ గుమ్మం తొక్కలేదు.

సంఘం కార్యదర్శి ఎప్పుడొచ్చినా అదే పాట.

"ఆ పిల్లలకి అన్నయ్యంటే ఎంత గౌరవమో వదినా! అందులో ఓ పొడుగుజడ పిల్ల ఉంది. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి దణ్ణం పెట్టుకుంటుందట. ఆయన చెయ్యి పట్టుకుందంటే మధ్యాహ్నం దాకా వదలదట!"

"మరే! నేను గుండీ కుట్టడం నేర్పమంటే మాత్రం విసుక్కునేవారు" అంది ఆవిడ, మంచినీళ్ళ గ్లాసు ఠక్కున బల్లమీద పెడుతూ.

యూనివర్సిటీ హాల్లో కాలనీవాళ్ళని ముందు వరుసలో కూర్చోబెట్టారు. పొడుగుజడ పిల్ల మైకు అందుకుంది. సన్నగా, చక్కగా ఉంది. అదింకా మంటగా అనిపించింది.

"సార్ దగ్గర నేర్చుకున్నది మాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఎన్ని తప్పులు చేసినా ఒక్కసారి కూడా కసురుకోలేదు."

హాలంతా చప్పట్లు. ఆవిడ మాత్రం చేతులు ముడుచుకుని కూర్చుంది. ఆయనేనా? కూరలో ఉప్పు తక్కువైతే ఇల్లు పీకి పందిరేసే మనిషి?

సభ అయ్యాక ఆ పిల్ల వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మా, ఒక్కటి అడగనా? సార్ ఎడమ భుజం కింద పాత గాటొకటి ఉంది. ఎలా అయిందండీ?"

ఆ గాటు తనొక్కతికే తెలుసనుకుంది ఆవిడ ఇన్నాళ్ళూ.

"పెళ్ళయిన కొత్తలో అటకమీంచి కుట్టుమిషను జారింది. నా నెత్తినే పడేది. ఆయన అడ్డొచ్చారు."

పిల్ల కళ్ళు నీళ్ళతో నిండాయి. "మీకోసమా! మేం రోజూ దాని గురించే మాట్లాడుకునేవాళ్ళం" అంటూ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

ఆయన్ని అన్నాళ్ళు పట్టుకున్న చెయ్యి. విదిలించుకోబోయి, ఆవిడ అలాగే ఉండిపోయింది. రెండో చెయ్యి కూడా దానిమీద వేసింది.

"నేను పోయాక నన్ను కూడా కోసి నేర్చుకోండి గానీ, ఆయన శవం ఉన్న బల్ల పక్క బల్ల మాత్రం ఇంకెవరికీ ఇవ్వకండి."