వెళ్ళొచ్చిన తుర్రి

వాగొడ్డు పొదల్లో తుర్రి అనే కౌజుపిట్ట పిల్ల ఉండేది. తనకు రెక్కలున్న సంగతే దానికి గుర్తుండేది కాదు, ఎప్పుడూ పరుగే.

ఆ ఏడు తొలిసారి పెద్దపరుగులో నిలబడింది. వాగు దగ్గర మొదలుపెట్టి, కొండమీది రేగుచెట్టును ముందుగా ముట్టుకున్నవాళ్ళదే గెలుపు.

"వెళ్ళిరా తల్లీ!" అంది అమ్మ.

"వెళ్ళిరావే!" అంది ఉడుతత్త.

కప్పతాత కూడా "వెళ్ళిరా" అనే దీవించాడు.

తుర్రి అందరినీ దాటేసింది. తీరా చెట్టు ముందుకొచ్చాక అనుమానమొచ్చింది. 'వెళ్ళడమైతే అయింది, రావడమో? దీన్ని ముట్టుకుంటూ కూర్చుంటే ఆలస్యమైపోదూ!' గిర్రున వెనక్కి తిరిగింది.

పందెంలో తన వెనకే పరుగెత్తుకొస్తూ ఎదురైన ముంగిస బిత్తరపోయింది. "ఎటే?"

"వస్తున్నా!" అంది తుర్రి ఆగకుండానే.

రొప్పుతూ అమ్మ ముందు నిలబడింది. "వెళ్ళొచ్చానమ్మా! నేనే ఫస్టు కదా?"

కొండమీద ముంగిసకి చప్పట్లు మోగుతున్నాయి.

మరుసటి పరుగుకి అమ్మ జాగ్రత్తపడింది. ఉత్త "వెళ్ళు" అందామంటే అపశకునం, నోరు రాలేదు. ఆలోచించి ఆలోచించి, "గెలిచి రా తల్లీ!" అంది.

ముంగిస అప్పుడే వాగు మలుపు దాటేసింది. తుర్రి మాత్రం రెండడుగులేసి ఆగి, వెనక్కి తిరిగింది.

"ఓడిపోతే రావద్దా అమ్మా?"