మీసాల కొంగ

వాగుకు అడ్డంగా నా కొడుకు కట్టించిన గోడ మీద కుర్రకారంతా చేపలు, తామరలు గీశారు. చేపలను మింగే కొంగకు మాత్రం వాడి మీసం పెట్టారు.

వాడు సమ్మెటతో వచ్చి రంగు డబ్బాలు తన్నేశాడు. అడ్డొచ్చిన కూతురి చెంప పగలగొట్టాడు. పిల్ల పెదవి చిట్లింది.

“మీసం కుదిరిందా నాన్నా?” అంది పిల్ల.

వాడికి పూనకం వచ్చింది. కొంగ తల మీద కొట్టాడు, మెడ మీద కొట్టాడు, ఇటుకలు ఎగిరిపడేలా కొట్టాడు. గోడకు గండి పడి, మూడేళ్లుగా ఆగిన నీళ్లు ఊరివాళ్ల ఎండిన పొలాల వైపు ఉరికాయి.

పిల్ల నెత్తురు ఉమ్మి నవ్వింది. “నానమ్మా, నువ్వన్నట్టే అర్జీలకు కూలని గోడ నాన్నే కూల్చేశాడు!”

కన్నదాన్ని, వాడి కోపం నాకు తెలియదా? ఆ చెంపదెబ్బ కూడా ముందే తెలుసు. పిల్లకే చెప్పలేదు.