వాక్యం చివర టక్

ఊరు ఊరంతా గోండి మాట్లాడుతుంటే, శ్యామ్‌ప్రసాద్ మాస్టారు తలుపు దగ్గరగా వేసుకుని కంప్యూటర్ దగ్గర గోండి నేర్చుకుంటున్నాడు.

కిరందుల్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన తెలుగువాడు. ఆవపల్లి బడికి వచ్చి ఆరు నెలలు. ఒకటో తరగతి పిల్లలు ఇప్పుడిప్పుడే భయం మాని పక్కన చేరుతున్నారు. సోమవారం ఈ అడవి జిల్లా కేంద్రం బీజాపూర్‌లో గోండి మౌఖిక పరీక్ష. తప్పితే బదిలీ.

ఊళ్లో ఎవరినైనా అడగొచ్చుగా అంటే, మాస్టారికి పరువు అడ్డం.

అందుకే ఈ సాఫ్ట్‌వేర్. ఉచితం. అందులో ఓ ఆడమనిషి గొంతు "నీళ్లు కావాలా?" అని గోండిలో అడుగుతుంది. ఆ గొంతు ఎక్కి దిగిన తీరంతా తెర మీద నీలం గీత. కింద మాస్టారి గొంతు ఎర్ర గీత. రెండూ ఒక్కలా ఉంటే మాట కుదిరినట్టు.

వాక్యం చివర "టక్"మని ఓ చిన్న చప్పుడు. నీలం గీతలో ముల్లులా పొడుచుకొచ్చింది.

మాస్టారు దాన్నీ వదల్లేదు. మూడు రోజులు నాలుకను అంగిలికి కొట్టి కొట్టి సాధించాడు. నాలుక వాచింది. గోడ మీది బల్లులు తమవాడే అనుకుని దగ్గరికొచ్చాయట.

అరుగు మీద ఎవరో పకపకా నవ్వారు.

గంగే అని, చింతపండు అమ్మే ముసలామె. ఏటా మిరపకాయలు కోయడానికి భద్రాచలం వైపు పోయి నేర్చిన తెలుగు ఆమెది.

"ఏంది గురూజీ, నీళ్లు కావాల్నా అని అడుగుతున్నవా, బాయిల పడ్డ అని మొత్తుకుంటున్నవా?"

"నేర్చుకుంటున్నానవ్వా."

"ఆ పెట్టెల పిల్ల మంచిగనే అంటాంది. నువ్వే ఎడ్లను తోలినట్టు చేస్తున్నవ్. నా ఎనక అను, నేను జెప్త."

"ఇది పెద్ద చదువులవాళ్లు చేసిందవ్వా. నీకు తెలీదు."

గంగే మళ్లీ నవ్వి అరుగు చరిచింది. చేతి కడియం రాయికి తగిలింది. ఎర్ర గీత చెదిరింది.

"అవ్వా, నీ కడియం చప్పుడు నా గీతలో పడుతోంది. అవతలికి పో."

"పోతలే. రేపు భేజ్జికి, బిడ్డ కాడికి పోతున్న. వానలు పడ్డంకనే వచ్చేది."

గుప్పెడు చింతపండు గడప మీద పెట్టింది.

"నాలిక వాసినట్టున్నది. చారు కాసుకో."

సోమవారం పరీక్ష పెట్టింది రామతులసి మేడమ్. మాస్టారు గొంతు సవరించుకుని, నీళ్లు కావాలా అని గోండిలో అడిగి, చివర "టక్"మనిపించాడు.

మేడమ్ కలం ఆగిపోయింది.

"మళ్లీ అనండి."

ఈసారి టక్ ఇంకా గట్టిగా పలికింది.

మేడమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగక కళ్లల్లో నీళ్లొచ్చాయి.

"ఎవరు నేర్పారు మాస్టారూ?"

"కంప్యూటర్ మేడమ్. అందులో గొంతు ఎవరిదో గానీ, ఆవిడే దొరికితే కాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకుందును."

"అలాగే చేయండి. బదిలీ రాయను, నెల గడువిస్తాను. ఈసారి ఆవిడ దగ్గరే నేర్చుకుని రండి."

"ఎక్కడని వెతకను మేడమ్?"

"పదిహేనేళ్ల కిందట ఆ గొంతు రికార్డు చేసింది నేనే. చివర్న వినిపించే టక్ గోండి కాదు మాస్టారూ, నవ్వొస్తే అరుగు చరిచే గంగే కడియం. మీ ఆవపల్లిలోనే చింతపండు అమ్ముతుంది, నాకు గోండి నేర్పిన గురువు."