వంటగదిలో చప్పుడు

“ముందు ఆ పంచదార ముక్క మింగండి హెడ్మాస్టరు గారూ. బుగ్గలో పెట్టుకుని చెబితే నాకేం తెలుస్తుంది?” అన్నాడు ఉస్తా బైరామ్.

సమదీ గబగబా టీ గుక్కతో ముక్క మింగేశాడు. రిటైరైన హెడ్మాస్టరే గానీ, బైరామ్ ముందు ఆయనా పిల్లాడే. తబ్రీజ్‌లో ఎవరైనా అంతే. చలికాలంలో ఏ ఇంట్లో గదిని వెచ్చబరిచే రేడియేటర్ మూలిగినా, ఏ గోడలో వేడినీళ్ల గొట్టం గోల చేసినా బైరామే రావాలి. పనిలో ఆరితేరినవాడని అందరూ ఆయన్ని ‘ఉస్తా’ అంటారు.

“వంటగదిలో రేడియేటరండీ. వారం నుంచీ ఒకటే చప్పుడు.”

“ఎలాంటి చప్పుడు? చేసి చూపించండి.”

“నేనా?”

“మీకు సిగ్గయితే మీ ఆవిణ్ణి పిలవండి. ఎవరో ఒకరు చెయ్యాలి.”

ఇది బైరామ్ పద్ధతి. ఎంత పెద్దమనిషైనా వెలుతురులో ఎదురుగా నిలబడి చప్పుడు నోటితో చేసి చూపించాల్సిందే. గుడగుడ అంటే లోపల గాలి చేరినట్టు. టకటక అంటే వేడికి సాగిన గొట్టం గోడను రాసుకుంటున్నట్టు. గుయ్‌మంటే కింద బాయిలర్ గదిలో పంపు అరిగినట్టు. ఊళ్లో జడ్జీలు కూడా ఆయన ముందు గుడగుడలాడినవాళ్లే.

సమదీ మొహం ఎర్రబడింది. “గుడగుడ... గుడగుడ... టక్!” అన్నాడు.

“ఆహా, రాగం బ్రహ్మాండం హెడ్మాస్టరు గారూ!” అని వెనక తలుపు దగ్గర నుంచి జవాద్ నవ్వాడు. బైరామ్ పట్టించుకోలేదు.

జవాద్ ఆయన బావమరిది. ఆయన దగ్గరే పని నేర్చుకుని ఈమధ్యే సొంత దుకాణం పెట్టాడు. ఆరు బ్లాకులు, రెండు వందల ఇళ్లున్న ఈ కాలనీ బాయిలర్ పని ఎవరికివ్వాలో కమిటీ తరఫున సమదీ ఇవాళ తేల్చాలి. పోటీలో మిగిలింది బావాబావమరుదులే. “ముందు మా బావని పిలవండి. ఈ చప్పుడు సంగతి ఆయన తేలిస్తే పని ఆయనకే, నేను తప్పుకుంటా” అని జవాదే అన్నాడట. ఆ మాట తెలిసి బైరామ్ కళ్లు చెమర్చాయి.

అరవై దాటిన మనిషి. ఈ పని దొరికితే ఇక మంచులో ఊరంతా తిరగక్కర్లేదు. దొరక్కపోతే పనితో పాటు పేరూ పోతుంది. పేరు పోయిన ఉస్తాని మళ్లీ ఎవరు పిలుస్తారు?

బైరామ్ పొడుగు స్క్రూడ్రైవర్ తీసి కొన రేడియేటర్‌కీ, పిడి చెవి కింద ఎముకకీ ఆనించాడు. రెండో అరచెయ్యి గొట్టం మీద పెట్టి కళ్లు మూసుకున్నాడు. అలా ఉన్నప్పుడు ఎవరు పిలిచినా పలకడు. కొందరు పొగరంటారు. పనిలో పడితే ఆయనంతేనని భార్య సనోబర్ సర్దిచెబుతుంది. ఆయనకి ఫోనంటే గిట్టదు. ఫోన్లన్నీ ఆవిడే తీసి, ఎవరింట్లో ఏ గోలో చీటీ రాసి చేతిలో పెడుతుంది.

అయిదు నిమిషాలు గడిచాయి. బైరామ్ కిందికి వెళ్లి బాయిలర్ గదిలో పంపు మీద చెయ్యి వేసి చూసి వచ్చాడు. తర్వాత గొట్టం తడుముకుంటూ వంటగది నుంచి పడకగది దాకా నడిచాడు. గొట్టం గోడలో దూరే చోట వేలు పెట్టి రుద్దితే సున్నం పొడి రాలింది.

“వంటగదిలో ఏ చప్పుడూ లేదు. మీ గోలంతా ఇక్కడ. రోజూ పొద్దున వేడి ఎక్కగానే టక్‌టక్‌మంటుంది. అవునా?”

సమదీ నోరు వెళ్లబెట్టాడు. “రెండేళ్లుగా మా ఆవిడ మొత్తుకుంటోంది ఉస్తా! నీ భ్రమలే అని కసిరేవాణ్ణి!”

బైరామ్ సంచిలోంచి పాత ఉన్ని టోపీ తీసి, ముక్క కత్తిరించి, గొట్టానికీ గోడకీ మధ్య దోపాడు.

సమదీ ఆయన చేతులు పట్టుకున్నాడు. “క్షమించండి. వంటగదిది నాటకం. లేని చప్పుడు ఉందని చెప్పమన్నాడు మీ బావమరిది. మీకు బొత్తిగా వినపడదట, మేం నోటితో ఏది చేస్తే అదే ఉందంటారట. మీరు ఉందంటే పని తనకిమ్మన్నాడు. ఎంత సిగ్గుమాలిన మాట! పని మీదే ఉస్తా.”

జవాద్ అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

గెలిచానన్న సంతోషం బైరామ్‌కి కలగలేదు. పానా పట్టుకోవడం దగ్గర నుంచీ వాడికి తనే నేర్పాడు. వాడి పెళ్లికి పెద్దరికం చేసింది తనే. అలాంటివాడు ఇంత వెన్నుపోటు పొడుస్తాడా? పరుగున వెళ్లి కింది అంతస్తు మలుపులో వాడి కాలర్ పట్టుకున్నాడు.

“ఎవరు చెప్పార్రా నీకు?”

జవాద్ తల వంచుకుని ఏదో గొణిగాడు. బైరామ్ వాడి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాడు.

“నా మొహం చూసి చెప్పు.”

“అడక్కు బావా. నీకు పుణ్యముంటుంది, అదొక్కటీ అడక్కు.”

బైరామ్ చెయ్యి పట్టు వదిలేసింది. మెట్ల మీద కూలబడ్డాడు.

పదకొండేళ్ల కిందట బాయిలర్ పేలినప్పుడు ఆయన రెండు చెవులూ పూర్తిగా పోయాయన్న సంగతి ఈ లోకంలో తెలిసింది సనోబర్ ఒక్కతికే.