అంచు ముడి

పుస్తకాలాయన సంచిలోంచి ఒక వెదురు బుట్ట తీసి అరుగు మీద పెట్టగానే అత్తగారి చేతిలో కత్తి ఆగిపోయింది.

"ఇది మీరు అల్లిందేనా అమ్మా?"

కాదు. కానీ అంచు మాత్రం అచ్చం వాళ్లదే. చివరి బద్దను మూడు బద్దల కింద నుంచి తీసి, కొస కనబడకుండా లోపలికి దోపేసే ముడి. ఆ ముడి పడితే బుట్ట పదేళ్లయినా విచ్చుకోదు. అది తమ ఇంట్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదని చిన్నకోడలు పెళ్లయిన రోజు నుంచీ వింటోంది.

"ఎక్కడ దొరికింది?" అంది అత్తగారు.

"ఏటి అవతల. రేవు పక్కన బుట్టల కొట్లో."

ఇంటిల్లిపాదీ చిన్నకోడలి వైపు తిరిగారు. ఆమె పుట్టిల్లు ఏటి అవతలే మరి.

పుస్తకాలాయన నెల రోజులుగా ఊళ్లో మకాం వేసి, ఏ పనితనం ఎక్కణ్నుంచి ఎక్కడికి పాకిందో రాసుకుంటున్నాడు. చిన్నకోడలు ఆయన్నే పట్టుకుంది.

"ఇద్దరికీ విడివిడిగా తట్టి ఉండొచ్చుగా సార్?"

"అలా అనే పండితులూ ఉన్నారమ్మా. బుట్ట అల్లాలని ఎవరికైనా తడుతుంది. ఇన్ని మెలికల ముడి మాత్రం రెండు చోట్ల పుట్టదు. ఒకచోట పుట్టి, మనుషుల వెంట నడిచి వెళ్తుంది. ఎవరో మోసుకెళ్లారు."

ఆ ఒక్క మాటతో ఆమె కొంప మునిగింది.

"నడిచి వెళ్లిందట!" పెద్దకోడలు మూతి తిప్పింది. "ఎవరి కాళ్లో!"

"అందుకే ఈ విద్య కోడళ్లకే గానీ కూతుళ్లకు చెప్పను," అంది అత్తగారు. "కూతురన్నది చూసిందంతా పట్టుకుపోతుంది. నాకు తెలీదూ!" సొంత కూతురు పండక్కో పబ్బానికో ఇంటికొస్తే, అల్లే గదికి తాళం వేసే మనిషి ఆవిడ.

"పోయిన నెల పుట్టింట్లో నాలుగు రోజులున్నావు. ఎవరికి చూపించావ్?"

"ఎవరికీ చూపించలేదత్తయ్యా. మా వాళ్లకి బుట్ట మొయ్యడం తప్ప అల్లడం రాదు."

"నువ్వు చూపించలేదుగా?" అని మొగుడు మూడుసార్లు అడిగాడు. మూడోసారి కళ్లలోకి చూడలేదు.

పుస్తకాలాయన రెండు బుట్టలూ పక్కపక్కన పెట్టి కళ్లజోడు సర్దుకున్నాడు. "ఒక్క తేడా ఉందమ్మా. వాళ్ల ముడి కుడికి తిరిగింది. మీది ఎడమకి."

"దొంగసొత్తు కదా, ఆనవాలు మార్చి ఉంటారు." అత్తగారు ఎడమచేత్తో కత్తి అందుకుని మళ్లీ వెదురు చీల్చడం మొదలుపెట్టింది.

"ఇంతకీ మీ పుట్టిల్లెక్కడ?" ఆయన కలం తీశాడు.

"నాకెవరూ లేరు. దొంగను ఎదురుగా పెట్టుకుని నన్నడుగుతారేం?"

చిన్నకోడలు ధైర్యం కూడగట్టుకుంది. "ఆ కొట్టు వాళ్లనే అడుగుదాం అత్తయ్యా."

"ఏరు దాటావంటే మళ్లీ ఈ గడప తొక్కనివ్వను! సాయంత్రంలోగా తప్పు ఒప్పుకో. లేదా పెట్టె సర్దుకో."

ఎలాగూ గెంటేస్తారు. అదేదో ఈ నింద కడుక్కునే పోదామనుకుంది చిన్నకోడలు. తను అల్లిన బుట్ట చంకన పెట్టుకుని మధ్యాహ్నం పడవెక్కింది. వెనకే పుస్తకాలాయన.

కొట్లో ఒక ముసలావిడ చాప మీద కూర్చుని బుట్టకు అంచు కడుతోంది.

"పెద్దమ్మా, ఈ ముడి నేనే మీకు అమ్ముకున్నానని మా ఇంట్లో అంటున్నారు. నా మొహం ఎప్పుడైనా చూశారా? మీరు చెప్పే మాట మీదే నా కాపురం ఉంది."

ముసలావిడ ఆమె మొహం చూడలేదు. బుట్ట లాక్కుని అంచు మీద బొటనవేలు నడిపించింది. ముడి ఎడమకు తిరిగిన చోట వేలు ఆగింది.

"ఎవరు నేర్పారు నీకిది?"

"మా అత్తగారు."

ముసలావిడ బుట్టను ఒళ్లోకి తీసుకుంది.

"అయితే నలభై ఏళ్ల కిందట మా నాన్న దగ్గర ఈ ముడి నేర్చుకుని, చెప్పాపెట్టకుండా ఏరు దాటిపోయిన మా ఎడమచేతి చెల్లెలు బతికే ఉందన్నమాట!"