మొదటి ఆప్షన్

"వైజాగా?" సారమ్మ చేతిలోని గరిటె గట్టు మీద పడింది. "పులివెందుల పెట్టినా అంటివి గదమ్మే?"

"పులివెందులే పెట్టినా మా. మొదటి ఆప్షన్ అదే." జాస్మిన్ ఫోన్‌ను పైకీ కిందికీ జరిపి మళ్లీ చూసింది. ఇంజనీరింగ్ సీటు: విశాఖపట్నం, కంప్యూటర్ సైన్స్. ఎన్నిసార్లు చూసినా అదే. "ఎట్ల మారిందో అర్థం కాలే."

సారమ్మ గోడకు ఆనుకుని అట్లే కిందికి జారి కూర్చుంది. పులివెందుల అయితే జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా గంటన్నర. పొద్దున చేసిన ఉగ్గాని చల్లారేలోగా హాస్టల్లో బిడ్డ చేతికివ్వచ్చు. వైజాగంటే రాత్రంతా రైలు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్వడం మొదలుపెట్టింది.

ఆమె భర్త కృపావరం అప్పుడే తను పాఠాలు చెప్పే స్కూలు నుంచి వచ్చాడు. విషయం విని ఫోన్ తీసుకుని కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"దానంతటది మారదు. ఎవురో మార్చినారు."

"ఎవురో ఏంది, నువ్వే!" సారమ్మ గయ్యిమంది. "బిడ్డను పెద్ద కాలేజీలో సదివిస్తా అని ఊరంతా చెప్పుకుంటాంటివి గదా!"

"నేనా? ఆప్షన్లు పెట్టే వారమంతా కడపలో ట్రైనింగులో ఉంటి గదా సారా."

జాస్మిన్ తల్లి పక్కన చతికిలబడి భుజం చుట్టూ చెయ్యేసింది. "ఏడ్వబాక మా. నేను పోను. రెండో కౌన్సెలింగ్‌లో పులివెందులకే మార్చుకుంటా."

సారమ్మ గబుక్కున కళ్లు తుడుచుకుంది. "అట్ల చెయ్యబాక! వచ్చింది వదులుకుంటే, ఆడా రాక ఈడా రాక పోతే? మన రాత ఇట్లుంది, పోమ్మా." ఆ మాట పూర్తి కాకముందే మళ్లీ ఏడుపు.

కృపావరానికి ఒళ్లు మండింది. ఫారం నింపింది బస్టాండు కాడ అబ్దుల్ సత్తార్ ఇంటర్నెట్ సెంటర్లోనే. "ఎవురి ఆప్షన్లు ఎవురికి కొట్నాడో వాడు. అడిగొస్తా."

"పోనీలేబ్బా. తెలిసిన పిల్లోడితో తగువెందుకు?" సారమ్మ గుమ్మం దాకా వచ్చింది.

అతను వినలేదు. చెప్పులేసుకుని బయటపడ్డాడు.

నడుస్తుంటే కోపం కన్నా ముందు పాత రోజులే అతన్ని పట్టుకున్నాయి. జాస్మిన్ నాలుగో తరగతిలో ఉన్నప్పుడు స్కూలు వాళ్లు పిల్లల్ని మైలవరం డ్యాముకు తీసుకుపోయారు. పొద్దున పోయి సాయంత్రం రావడం, అంతే. మధ్యాహ్నం పిల్లలు అన్నం డబ్బాలు విప్పేసరికి, డ్యాము మెట్ల మీద సారమ్మ! వెనకాలే షేర్ ఆటోలో వచ్చేసింది. టీచరమ్మ అడిగితే, "చేపలు కొందామని వచ్చినా" అందట. సాయంత్రం ఖాళీ చేతులతో ఇంటికి వస్తే, "చేపలేవి?" అని అతను వారం రోజులు ఏడిపించాడు.

ఇంటర్ ప్రొద్దుటూరులో. హాస్టల్లో వేద్దామంటే సారమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. రెండేళ్లూ బిడ్డ బస్సులో పోయి వచ్చింది. సాయంత్రం బస్సు ఆలస్యమైతే సారమ్మ స్టాపులో నిలబడి, దిగిన ప్రతివాళ్లనూ అడిగేది, "వెనక ఇంగో బస్సుందా?" అని. చెమటకు తడిసిన జుట్టుతో, భుజాన బరువు సంచీతో బిడ్డ దిగితే, ఆ సంచీ తన భుజానికి మార్చుకుని ఇంటి దాకా మాట్లాడుతూనే వచ్చేది. ఆ కబుర్లు వీధి మలుపు తిరగకముందే ఇంట్లో అతనికి వినబడేవి. ఇక ఏ సాయంత్రమూ వినబడవు. కృపావరం కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

సత్తార్ అతన్ని చూడగానే కుర్చీ లోంచి లేచాడు. "రాండి సార్."

"ఏంది సత్తారూ, ఏం చేసినావు నువ్వు? మా పాప పులివెందుల పెడితే వైజాగొచ్చింది. ఇంట్లో మీయక్క ఏడ్సి ఏడ్సి సచ్చిపోతాంది."

సత్తార్ తల దించుకున్నాడు. "తప్పు నాది గాదు సార్. ఆఖరి రోజు వచ్చి మార్పిచ్చుకున్యారు."

"ఎవురు? జాస్మినేనా?"

"గాదు సార్. చెప్పొద్దని ఒట్టేపిచ్చుకున్యారు."

"నా బిడ్డ బతుకప్పా ఇది! ఎవురో చెప్పకుండా ఈన్నుంచి కదల్ను." కృపావరం స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

సత్తార్ కీబోర్డు పక్కకు జరిపాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

"జాస్మిన్ ఫోన్లో ఫ్రెండుతో అంటాంటే విన్యారంట సార్. 'నాకు వైజాగే ఇష్టం, ఇంట్లో తట్టుకోలేరని పులివెందుల పెట్టినా' అని. 'నోటితో పొమ్మంటే నా మొహం జూసి అది పోదు సత్తారూ, కంప్యూటరే ఇచ్చిందనుకుంటే పోతాది' అన్యారు."

"ఎవురు సత్తారూ?"

"తన ఫోన్‌కే వచ్చిన ఓటీపీ ఆరంకెలు చదవనీకి ఏడుపాగక మూడుసార్లు తప్పు చెప్పింది సార్, మా సారమ్మక్క."